చెరిపేసిన మెసేజ్‌లలో ఉన్నది సంగీతమే, అయినా...

ఈ వారం ఉత్తరం తిరుపతి నుంచి వచ్చింది. రాసినవారికి 39 ఏళ్లు, బ్యాంకులో ఉద్యోగం. ఆనవాలు పట్టగలిగే వివరాలు తీసేసి, ఆమె చెప్పిన సంగతులు ముందుగా క్లుప్తంగా ఇస్తున్నాను.

చిన్నప్పుడు తండ్రి దగ్గర వయొలిన్ నేర్చుకున్నారు. వర్ణాలు పూర్తయి కృతుల్లోకి వచ్చిన సమయానికి పెళ్లయింది. వయొలిన్ పెట్టె బీరువా మీదికి చేరింది. భర్తకు ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణం. ఇంట్లో అత్తగారు, ఎనిమిదో తరగతి చదువుతూ గాత్రం నేర్చుకుంటున్న కూతురు ఉన్నారు. రెండేళ్ల క్రితం బ్యాంకు శిక్షణకు చెన్నై వెళ్లినప్పుడు, తోటి ఉద్యోగి ఒకాయన జాజ్ ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ ఆల్బమ్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ వినమన్నారు. ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదు. అప్పటి నుంచి రాత్రి ఇంటిపని ముగిశాక ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఒక్కో జాజ్ ఆల్బమ్‌ను మొదటి నుంచి చివరి దాకా వినడం అలవాటైంది. ఒంటిగంట దాటిన రాత్రులూ ఉన్నాయి.

విన్నది నలుగురితో పంచుకోవాలనిపించి బ్యాంకు మిత్రులకు, చెల్లెలికి, ఆడపడుచుకు ఆల్బమ్‌ల పేర్లు పంపారు. ఎవరూ వినలేదు. ‘బార్లలో వాయించే పాటలు మనింట్లో ఎందుకు వదినా?’ అని ఆడపడుచు అన్నారు. ఇంట్లో అన్నమయ్య పాట వినబడి ఎన్నాళ్లయిందో అని అత్తగారు నిట్టూర్చారు. చివరికి ఆ చెన్నై పరిచయమే మిగిలింది. ఆయన ఇప్పుడు విశాఖపట్నంలో ఉన్నారు. వారం వారం ఆయనొక ఆల్బమ్ చెబుతారు, ఈమె ఒకటి చెబుతారు. విన్నాక ఒకరికొకరు పొడవుగా రాసుకుంటారు. ‘మా మధ్య సంగీతం తప్ప వేరే మాట లేదు. అయినా ఆ మెసేజ్‌లను ఏ రోజువి ఆ రోజే చెరిపేస్తూ వచ్చాను. ఎందుకో నాకే తెలియదు’ అని రాశారు.

నెల క్రితం, ఫోను వంటింట్లో ఛార్జింగ్‌లో ఉండగా ఒక మెసేజ్ భర్త కంట పడింది. ‘ఈ రాత్రి లైట్లు ఆపేసి మీరొక్కరే వినండి. ఎలా అనిపించిందో రేపు చెప్పండి.’ అది పియానో విద్వాంసుడు బిల్ ఎవాన్స్ ఆల్బమ్ ‘వాల్ట్జ్ ఫర్ డెబీ’ గురించి. ఎవరతను అని భర్త అడిగితే, ఆఫీసు గ్రూపులో ఎవరో అని ఆమె అబద్ధం చెప్పారు. ఆయన మరి అడగలేదు. అప్పటి నుంచి దుకాణం మూసి ఆలస్యంగా వస్తున్నారు, అవసరమైనంత వరకే మాట్లాడుతున్నారు. వినడం మానేయాలా, ఆ స్నేహం వదులుకోవాలా, భర్తకు ఏమని చెప్పాలి అని ఆమె అడుగుతున్నారు.

అమ్మా,

మొదటి ప్రశ్నకు ముందుగా జవాబు చెప్పేస్తాను. వినడం మానాల్సిన కారణం మీ ఉత్తరంలో నాకెక్కడా కనబడలేదు. మిగతా రెండింటికీ అంత తేలికైన జవాబు లేదు కాబట్టి వాటి దగ్గర ఎక్కువసేపు ఆగుదాం. కానీ ఆ సంగీతం మిమ్మల్ని ఎందుకు ఇంతగా పట్టుకుందో తెలిస్తే, ఇంట్లో మాట్లాడేటప్పుడు మీ గొంతులో సంజాయిషీ తగ్గుతుంది. అందుకని అక్కడే మొదలుపెడతాను.

‘కైండ్ ఆఫ్ బ్లూ’లోని మొదటి పాట ‘సో వాట్’ మొదటిసారి విన్నప్పుడు ఎక్కడో తెలిసిన వీధిలో నడుస్తున్నట్టు అనిపించిందని రాశారు. అది మీ వేళ్లకు తెలిసిన వీధే. 1959 మార్చి 2న న్యూయార్క్‌లో రికార్డు చేసిన ఆ పాటలో వాడిన స్వరాలు మన ఖరహరప్రియ రాగం స్వరస్థానాలే. నాలుగు దెబ్బల ఆవృత్తాలు పదహారు ఆ వరసలో నడుస్తాయి. తర్వాత ఎనిమిది ఆవృత్తాలకు వరస మొత్తం అర స్వరం పైకి జరుగుతుంది, మళ్లీ ఎనిమిదికి కిందికి దిగుతుంది. గమకం లేదు, రాగానికి ఉండే సంచారం లేదు, కాబట్టి దాన్ని ఖరహరప్రియ అనలేం. కానీ ఒకే వరసలో నిలబడి, తొందరపడకుండా, అప్పటికప్పుడు ఊహించి వాయించడం ఉంది చూశారూ, దాన్నే మీ నాన్నగారు మనోధర్మం అని ఉంటారు. మైల్స్ డేవిస్ తన బృందానికి ముందుగా సాధన చేయించలేదు. కొద్దిపాటి సూచనలిచ్చి రికార్డింగుకు కూర్చోబెట్టారు. బేస్ అనే మంద్రస్వరాల పెద్ద తీగవాద్యం ఒక మాట అంటుంది, మిగతావారు రెండే స్వరాలతో బదులిస్తారు. కృతుల దాకా వచ్చి, అప్పటికప్పుడు స్వరాలు అల్లే స్వరకల్పన మొదలుపెట్టే చోట ఆగిపోయిన మనిషికి ఆ సంభాషణ వినబడితే నిద్ర ఎలా పడుతుంది?

నా అనుమానం ఏమిటంటే మీది శ్రోత ఆకలి కాదు, వాయించే మనిషి ఆకలి. ఆ పెట్టెను బీరువా మీది నుంచి ఒకసారి దించి చూడండి. తీగలు తుప్పు పట్టి ఉంటాయి, కమాను వెంట్రుకలు ఊడిపోయి ఉండవచ్చు. బాగు చేయించడానికి పెద్ద ఖర్చేమీ కాదు. ఇంట్లో చోటు లేదనిపిస్తే శాక్సఫోన్ విద్వాంసుడు సానీ రోలిన్స్ సంగతి గుర్తు చేసుకోండి. మంచి పేరు వచ్చిన దశలో, 1959లో, ఆయన కచేరీలు ఆపేసి న్యూయార్క్‌లోని విలియమ్స్‌బర్గ్ వంతెన మీదికి వెళ్లి సాధన చేశారు. ఇంట్లో వాయిస్తే పక్కింటి గర్భిణికి ఇబ్బందని. 1961 దాకా అలాగే చేసి తిరిగి వచ్చారు. 1962లో వచ్చిన ఆల్బమ్‌కు ‘ది బ్రిడ్జ్’ అని పేరు పెట్టారు. మీకు వంతెన అక్కర్లేదు, మేడ మీద ఒక అరగంట చాలు.

ఆడపడుచు అన్న ‘బార్ల పాటలు’ అనే మాట మీకు గుచ్చుకుందని తెలుస్తోంది. ఆ మాటలో కొంత నిజం ఉంది. జాజ్ క్లబ్బుల్లో, తాగేవాళ్ల మధ్య పెరిగింది. మీరు విన్న ‘వాల్ట్జ్ ఫర్ డెబీ’లోనే గ్లాసుల చప్పుడు, వెనక బల్లల దగ్గరి మాటలు వినబడతాయి. కానీ దాని వేళ్లు బార్లలో లేవు. బానిసలుగా తెచ్చిన ఆఫ్రికా ప్రజలు అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌లో ఉన్న కాంగో స్క్వేర్‌లో ఆదివారాలు డప్పులు వాయించి ఆడిన చోట, చర్చిల్లో ఒకరు పిలిస్తే పదిమంది పలికిన చోట ఉన్నాయి. ఆ ఊళ్లో శవయాత్రకు బ్యాండు వెళుతుంది. శ్మశానానికి వెళ్లేటప్పుడు నెమ్మదైన భక్తిగీతం, తిరిగి వచ్చేటప్పుడు హుషారైన పాట వాయిస్తారు. చిత్తూరు పల్లెల్లో పండు ముసలివారిని పలకల మోతతో సాగనంపడం చూసినవారికి ఇది వింతగా తోచదు. ఇక చులకన సంగతంటారా, మన శృంగార గీతాలైన జావళీలను ఎంతకాలం ‘ఇళ్లల్లో పాడదగని పాటలు’గా చూశారో మీ అత్తగారి తరానికి బాగా తెలుసు. ఇదంతా ఆడపడుచుతో వాదించి గెలవడానికి చెప్పడం లేదు. ఆమె వినని సంగీతం గురించి అన్న మాటను మీరు మీ గురించి అన్నట్టు తీసుకున్నారు. అది అక్కర్లేదు.

ఇప్పుడు అసలు చోటికి వద్దాం.

మీ ఇంట్లో నెల రోజులుగా నడుస్తున్న మౌనానికి జాజ్ కారణం కాదు. ఆ మెసేజ్ కూడా కాదు. ‘లైట్లు ఆపేసి మీరొక్కరే వినండి’ అనే మాటను ఏ భర్త చదివినా ఒక్క క్షణం గుండె ఆగుతుంది. అదే క్షణంలో మీరు ‘విశాఖలో ఒకాయన ఉన్నారు, పాటలు చెబుతుంటారు, ఇదిగో ఆ పాట’ అని ఉంటే, చిన్న గొడవతోనో ఒక ముళ్ల మాటతోనో ముగిసేది. మీరు అబద్ధం చెప్పారు. దాంతో ఆ మెసేజ్‌కు లేని అర్థం వచ్చింది. అంతకుముందు చెరిపేసినవన్నీ కలిసి, తప్పు లేని చోట తప్పు ఆనవాళ్లను తయారుచేశాయి. రేపు మీరు నిజం చెప్పినా చూపించడానికి చేతిలో ఏమీ లేదు.

ఎందుకు చెరిపేశారో మీకే తెలియదన్నారు. మీకు తెలుసని నాకనిపిస్తోంది. కొంత భయం, ఆ భయంతో పాటు ఇంకొకటి: ఇంట్లో అందరికీ చెందిన మీ జీవితంలో ఇదొక్కటి మీ సొంతం. పాలు, ఫీజులు, బ్యాంకు లెక్కలు, అత్తగారి మందులు లేని ఒక గది. ఆ గదికి తలుపు వేసుకోవాలనుకోవడం తప్పు కాదు. అయితే ఆ గదిలో మీతో పాటు ఇంకొకరున్నారు. తలుపు బయట నిలబడిన మీ వారికి కనబడుతున్నది అదే. నా ఊహ తప్పు కావచ్చు కానీ, ఆయనను ఎక్కువ బాధిస్తున్నది పరాయి మగవాడి అనుమానం కూడా కాకపోవచ్చు. పేజీలకొద్దీ చెప్పడానికి మీ దగ్గర ఇన్ని మాటలున్నాయని, అవి తనకు కాక ఇంకొకరికి చేరుతున్నాయని తెలిసిన మనిషికి కలిగే బాధ వేరు.

ఆ సహోద్యోగి విషయంలో మీరు మీతో నిజాయతీగా ఉండాలి. నేను దూరం నుంచి తీర్పు చెప్పలేను. కొన్ని ప్రశ్నలు మాత్రం అడుగుతాను, జవాబులు నాకు రాయనక్కర్లేదు. ఒక వారం ఆయన ఆల్బమ్ చెప్పకుండా ‘ఎలా ఉన్నారు’ అని మాత్రమే రాస్తే మీకు నిరాశగా ఉంటుందా, సంతోషంగా ఉంటుందా? ఆయన చోట మీ వయసు స్త్రీ ఎవరైనా ఉండి ఉంటే మెసేజ్‌లు చెరిపేసేవారా? ఆయనకు చెప్పడం కోసం వింటున్నారా, విన్నాక చెప్పాలనిపిస్తోందా? ఈ జవాబులు నిశ్చింతగా వస్తే మీరు రాసింది నిజమే, అది సంగీత స్నేహమే. ఎక్కడైనా తడబడితే, ఆ తడబాటును నేరంగా చూడకండి. కానీ అప్పుడు ఆ రాతల మీద కొన్ని నెలలు విరామం పెట్టడం మీకే మంచిది. ఆల్బమ్‌లు ఎక్కడికీ పోవు.

మీ వారి విషయంలో మీ ముందు కొన్ని దారులున్నాయి. ఒకటి, ఏమీ చెప్పకుండా కాలానికి వదిలేయడం. మీరు ఇప్పుడు చేస్తున్నది ఇదే. ఇలా వదిలేస్తే మౌనం సర్దుకుపోతుంది, కానీ సర్దుకుపోయిన మౌనం ఇంటి అలవాటుగా మారుతుంది. ఇంకో మెసేజ్ ఎప్పుడో కంటబడితే, అప్పుడు మీరు చెప్పే నిజానికి విలువ ఉండదు.

లేదా గుట్టుగా ఆ స్నేహం తెంచుకుని, ఇయర్‌ఫోన్లు సొరుగులో పెట్టేసి, ‘మంచి ఇల్లాలు’ అనిపించుకోవచ్చు. చాలామంది ఇదే చేయమంటారు. దీని ఫలితం నన్ను అన్నిటికన్నా ఎక్కువ భయపెడుతోంది. ఆయన అడగని త్యాగం మీరు చేస్తారు, ఆయనకు తెలియని ఆ త్యాగానికి ఆయన మీద కోపం పెంచుకుంటారు. పైగా ఆయన అనుమానం అలాగే ఉంటుంది. ఉన్నట్టుండి అన్నీ మానేసిన మనిషిని చూస్తే, ఏదో ఉండబట్టే మానేసిందనుకుంటారు.

మూడో దారి చెప్పేయడం. కష్టమైనదే, నా మొగ్గు మాత్రం దీనివైపే. చెప్పేటప్పుడు వరస ముఖ్యం. ముందు అబద్ధం గురించి చెప్పండి, తర్వాత చెరిపేసిన సంగతి, ఆ తర్వాతే సంగీతం. జాజ్ ఎంత గొప్పదో వివరిస్తూ మొదలుపెడితే ఆయనకు అది తప్పించుకునే ప్రయత్నంలా వినబడుతుంది. ఆయన కోప్పడవచ్చు, మీరు చెప్పిన దాంట్లో సగమే నమ్మవచ్చు, పాత మెసేజ్‌లు చూపించమనవచ్చు. అవి అవతలివారి ఫోనులో ఉండే ఉంటాయి, తెప్పించవచ్చు కూడా. అయినా మీ అంతట మీరు ఆ పని చేయకండి. భార్యాభర్తల మాటల్లోకి మూడో మనిషిని సాక్షిగా పిలిచినట్టవుతుంది. మీ వారే అడిగితే అప్పుడు ఆలోచించవచ్చు.

సమయం కూడా చూసుకోండి. శని, ఆదివారాల్లో యాత్రికుల రద్దీతో ఊరంతా హడావిడి, దుకాణం మూసి అలసిపోయి వచ్చిన మనిషికి రాత్రి పదకొండింటికి ఇది చెప్పకండి. పెళ్లయిన కొత్తలో తెల్లవారుజామున కపిలతీర్థం దాకా నడిచి వెళ్లేవాళ్లమని రాశారు. పనిరోజు ఉదయం ఆ నడకకు పిలవండి. పక్కపక్కన నడుస్తూ మాట్లాడితే ఒకరి మొహం ఒకరు చూడనక్కర్లేదు, కష్టమైన మాట కాస్త సులువుగా బయటికొస్తుంది. మీ వారు నెమ్మదైన మనిషని రాశారు కాబట్టి ఇలా చెబుతున్నాను. కోపం మాట దాటి చేయి దాకా వెళుతుందని ఏమాత్రం భయం ఉన్నా, ముందు పుట్టింటివారిలో ఒకరికి చెప్పి ఉంచండి. 181 మహిళా హెల్ప్‌లైన్ నంబరు కూడా గుర్తుంచుకోండి.

ఆయన విననిస్తే, ఆ మెసేజ్‌లో చెప్పిన పాటనే వినిపించండి. ఆ ఆల్బమ్‌కు పేరిచ్చిన పాటను బిల్ ఎవాన్స్ తన అన్నగారి కూతురు, చిన్నపిల్ల డెబీ కోసం కట్టారు. రికార్డింగు 1961 జూన్ 25న, ఆదివారం, న్యూయార్క్‌లో ఒక నేలమాళిగ క్లబ్బులో జరిగింది. అందులో బేస్ వాయించిన స్కాట్ లఫారోకు 25 ఏళ్లు. జూలై 6న కారు ప్రమాదంలో పోయారు. పియానో పక్కనే ఆ బేస్ తీగలు ఎలా మాట్లాడుతున్నాయో వినాలంటే చుట్టూ సద్దు ఉండకూడదు. లైట్లు ఆపి ఒంటరిగా వినమన్నది అందుకు. ఇది విన్నాక మీ వారికి అంతా సర్దుకుంటుందని నేననను. కానీ ఆ మాట దేని గురించో ఆయన చెవికి తెలుస్తుంది.

ఇక పంచుకోవడం గురించి. మీరు బ్యాంకు మిత్రులకు మైల్స్ డేవిస్‌దే ‘బిచెస్ బ్రూ’ పంపి, బదులుగా రెండు దండాల బొమ్మలు వచ్చాయని బాధపడ్డారు. గంటన్నర సాగే ఆ 1970 నాటి ఆల్బమ్ జాజ్ తెలిసినవారినే గందరగోళపెట్టింది. మీకు నచ్చినదాన్ని పంపారు, వారికి ఏది అందుతుందో ఆలోచించలేదు. ఆల్బమ్ మొత్తం వినమని అడగడమంటే ఎదుటివారి సాయంత్రాన్ని అడగడం. ఒక్క పాట ఇవ్వండి, పక్కన కూర్చోండి, అయ్యాక ‘ఎలా ఉంది’ అని వెంటనే అడగకండి.

మీ అమ్మాయికి ‘టేక్ ఫైవ్’ ఇవ్వండి. పాల్ డెస్మండ్ కట్టిన ఆ పాట 1959లో డేవ్ బ్రూబెక్ బృందం తెచ్చిన ‘టైమ్ అవుట్’లో ఉంది. ఐదు దెబ్బల నడక. మన ఖండ చాపు తాళం రెండు, మూడుగా విరిగితే ఇది మూడు, రెండుగా విరుగుతుంది. తాళం వేస్తూ వినమనండి. చేయి తప్పుతుంది, నవ్వుతుంది, మళ్లీ వేస్తుంది. లయ పట్టుకు పేరుపడిన కర్ణాటక గాయకుడు చిత్తూరు సుబ్రహ్మణ్య పిళ్లై గారి పాట కూడా ఆ వెంటనే వినిపించండి. పాశ్చాత్యమా, మనదా అనే ప్రశ్న ఆ పిల్లకు రాకపోవచ్చు.

అత్తగారికి ఆలిస్ కోల్ట్రేన్. డెట్రాయిట్‌లో చర్చి ఆర్గన్ వాయిస్తూ పెరిగిన ఈమె, భర్త, శాక్సఫోన్ విద్వాంసుడు జాన్ కోల్ట్రేన్ 1967లో చనిపోయాక భారతీయ భక్తి మార్గంలోకి వచ్చారు. 1977లో వచ్చిన ‘రాధాకృష్ణ నామ సంకీర్తన’ ఆల్బమ్‌లో మొదటి పాట ‘గోవింద జై జై’. ఆర్గన్ మీద ఆమె, వెనక ఆమె శిష్యుల గొంతులు. తిరుపతిలో పుట్టి పెరిగిన పెద్దావిడకు గోవింద నామం పరిచయం చేయాల్సిన పని లేదు. అలాగే ఆవిడ అడిగిన అన్నమయ్య పాట కూడా ఇంట్లో వినబడాలి. అది న్యాయమైన కోరిక. మీరు వయొలిన్ మీద వాయిస్తే ఇంకా మంచిది.

మీ వారికి నేను పాట చెప్పను, పని చెబుతాను. ఆయన వృత్తే వైర్లు, స్విచ్చులు. హాలులో రెండు మంచి స్పీకర్లు పెట్టించమని అడగండి. ఎక్కడ పెడితే ధ్వని బాగుంటుందో, ఏ వైరు వాడాలో ఆయన్నే తేల్చమనండి. ఇయర్‌ఫోన్లు ఇంతకాలం మీకు ఇచ్చిన ఏకాంతం అవసరమే, దాన్ని వారంలో కొన్ని రాత్రులకు ఉంచుకోండి. మిగతా రోజుల్లో మీరు వింటున్నది అందరికీ వినబడనివ్వండి. కొన్నాళ్లయ్యాక ఏదైనా వినిపించాలనుకుంటే డ్రమ్స్ విద్వాంసుడు ఆర్ట్ బ్లేకీ బృందం 1958లో రికార్డు చేసిన ‘మోనిన్’ వేయండి. పియానో ఒక వాక్యం పలికితే బృందం రెండు స్వరాలతో ‘అవును’ అంటుంది. ధనుర్మాసం భజనలో పాట అందుకున్న అనుభవం ఉన్నవారెవరికైనా కాలు కదులుతుంది. ఆయనకు నచ్చకపోతే నచ్చలేదు. జాజ్ నచ్చని భర్తతో హాయిగా బతకవచ్చు.

చివరగా విశాఖ స్నేహితుడి సంగతి. మీ వారికి చెప్పాక ఆయనకు కూడా ఒక్క మెసేజ్ రాయండి: ఇంట్లో తెలుసునని, ఇకపై రాత్రి వేళ కాకుండా పగలు రాయమని, ‘మీరొక్కరే’ లాంటి మాటలు వద్దని. మంచి స్నేహితుడైతే నొచ్చుకోకుండా సరే అంటారు. నిష్ఠూరాలాడితే అదీ మీకు తెలియాల్సిన సంగతే. ఒకవేళ మీ వారు ఆ రాతలు పూర్తిగా ఆపమంటే, వెంటనే ఒప్పుకోవద్దు, వెంటనే కాదనవద్దు. దసరా దాకానో సంక్రాంతి దాకానో ఆపుతానని, ఆ తర్వాత ఇద్దరం కూర్చుని మళ్లీ మాట్లాడదామని గడువు పెట్టి అడగండి. ఈలోపు మీరు విన్నవి ఒక నోటు పుస్తకంలో రాసుకోండి, ఏ ఆల్బమ్‌లో ఏ పాట, ఎక్కడ మనసు ఆగింది అని. ఆ పుస్తకాన్ని హాలులో బల్ల మీదే ఉంచండి.